బోరునీళ్లలో ఫ్లోరైడు: మా రసాయనశాస్త్ర విభాగం ప్రాజెక్టు డైరీ

జూలై, రెండో వారం

ఈ ఏడాది చివరి సంవత్సరం విద్యార్థుల ప్రాజెక్టుకు విషయం ఖరారైంది. విద్యార్థులు తమ తమ ఊళ్లలో తాగడానికి వాడే బోర్ల నుంచి నీళ్లు తెచ్చి, వాటిలో ఫ్లోరైడు, కాల్షియం, క్షారత (ఆమ్లాన్ని తటస్థం చేసే గుణం) ఎంతెంత ఉన్నాయో మా ప్రయోగశాలలోనే కొలుస్తారు. కనిగిరి ప్రాంతంలో ఉన్న మాది చిన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాల. రసాయనశాస్త్ర విభాగంలో నేను, మరొక అధ్యాపకురాలు, ఒక ల్యాబ్ అటెండరు ఉన్నాము. ఉన్న పరికరాల్లో నమ్మదగినవి ఒక ఎలక్ట్రానిక్ తూనిక, ద్రావణం రంగు ఎంత చిక్కగా ఉందో కొలిచే ఒక డిజిటల్ కలరీమీటరు, ఒక వేడిగాలి ఓవెన్, తగినన్ని బ్యూరెట్లు, పిపెట్లు. ఇవి ఈ పనికి సరిపోతాయని మేడంగారు, నేను సెలవుల్లోనే లెక్క చూసుకున్నాము.

ఈ విషయాన్నే ఎంచుకోవడానికి కారణం మా తరగతి గదిలోనే ఉంది. మా విద్యార్థుల్లో కొందరి పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. మాట్లాడేటప్పుడు, నవ్వేటప్పుడు నోటికి చేయి అడ్డం పెట్టుకునే పిల్లలను ఈ ప్రాంతంలో పనిచేసిన ఉపాధ్యాయులందరూ చూసే ఉంటారు. పంటి మీది ఎనామెల్ చిన్నతనంలో ఏర్పడే కాలంలో శరీరంలోకి చేరిన ఫ్లోరైడు వల్ల వచ్చే మార్పు అది. అందువల్ల పెద్దయ్యాక నీళ్లు మార్చినా ఆ చారలు పోవు. ఏళ్ల తరబడి ఎక్కువ ఫ్లోరైడు ఉన్న నీళ్లు తాగితే ఎముకలు, కీళ్లు, వెన్ను బిగుసుకుపోతాయి. భారతదేశంలో ఈ ఎముకల జబ్బును శాస్త్రీయంగా తొలిసారి నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలో. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సహచరులు పండిట్, రాఘవాచారి 1937లో ఆ పరిశీలనను ప్రచురించారు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి అందులోకి వచ్చాయి. దానికే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు. ఇదంతా తరగతిలో చెప్పినప్పుడు, తమ ప్రాంతం సైన్సు చరిత్రలో ఇలా నిలిచిపోయిందని విని పిల్లలు కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక విద్యార్థిని లేచి, "మా నాయనమ్మ నడుము వంగిపోయింది ఇందుకేనా సార్?" అని అడిగింది. డాక్టరు పరీక్షించకుండా ఆ మాట చెప్పలేమని, ఆమె తాగిన నీళ్లలో ఫ్లోరైడు ఎంత ఉందో మాత్రం మనం చెప్పగలమని అన్నాను. ప్రాజెక్టు పరిధి ఎంతవరకో ఆ జవాబుతోనే మాకు స్పష్టమైంది.

జూలై, చివరి వారం

ఈ వారమంతా స్వేదన జలం పనితోనే గడిచింది. మా డిస్టిలేషన్ యూనిట్‌లో హీటరు కాయిల్ మీద తెల్లటి పొలుసు మందంగా పేరుకుపోయింది. మా అటెండరు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో దాన్ని ఓపికగా కరిగించి, యూనిట్‌ను పలుమార్లు కడిగి మళ్లీ నడిపించాడు. అతను ఇరవై ఏళ్లుగా ప్రయోగశాల చూసుకుంటున్న మనిషి. ఏ బ్యూరెట్ కాక్ కారుతుందో, ఏ సీసా మూత బిగుసుకుంటుందో మా ఇద్దరి కన్నా అతనికే బాగా తెలుసు. పిల్లలు అతన్ని అన్నా అని పిలుస్తారు. ప్రాక్టికల్ పరీక్షల సమయంలో మాకన్నా ఎక్కువగా అతని మీదే ధైర్యం పెట్టుకుంటారు.

మొదటి విడత స్వేదన జలాన్ని కండక్టివిటీ మీటరుతో చూసి, సంతృప్తికరంగా లేని భాగాన్ని గాజుసామాను కడగడానికి పక్కన పెట్టాము. లీటరుకు ఒక మిల్లీగ్రాము స్థాయిలో ఉండే పదార్థాన్ని కొలవబోతున్నప్పుడు, కలిపే నీటిలోనే మలినం ఉంటే తర్వాత ఎంత జాగ్రత్తపడినా ఫలితం ఉండదు. ప్రాక్టికల్ తరగతుల్లో ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా రికార్డులో రాసే ఒక వాక్యంగానే మిగిలిపోతుంది. ఈసారి తమ సొంత ఊరి నీళ్ల సంగతి కాబట్టి పిల్లలే మీటరు దగ్గర నిలబడి, రీడింగు స్థిరపడేదాకా కదలలేదు.

ఆగస్టు, మొదటి వారం

కారకాల తయారీ మొదలుపెట్టాము. ఫ్లోరైడును స్పాడ్‌న్స్ అనే రంగుపదార్థంతో కొలుస్తున్నాము. జిర్కోనియం అనే లోహంతో కలిసినప్పుడు ఈ రంగు ఎర్రటి సంక్లిష్ట సమ్మేళనంగా మారుతుంది. ఫ్లోరైడు వచ్చి జిర్కోనియంను తనవైపు లాక్కుని రంగులేని సంక్లిష్టాన్ని ఏర్పరిస్తే ఆ మేరకు ఎరుపు తగ్గుతుంది. అందువల్ల ఫ్లోరైడు పెరిగేకొద్దీ ద్రావణం కాంతిని పీల్చుకోవడం, అంటే శోషణం, తగ్గుతుంది. ఇంతవరకు తరగతిలో గీసిన కలరీమెట్రీ గ్రాఫులన్నీ పైకి ఎగబాకేవే కావడంతో, కిందికి దిగే గీతను చూసి కొందరు పరికరం చెడిపోయిందేమోనని కంగారుపడ్డారు. ఎందుకలా దిగుతుందో పుస్తకం చూడకుండా చెప్పగలిగినవారే కలరీమీటరు ముట్టుకోవాలని మేడంగారు నియమం పెట్టారు. అది చాలా మంచి నియమమని నా అభిప్రాయం. మరుసటి రోజుకల్లా అందరూ చెప్పగలిగారు.

పాళ్లు ఇక్కడ రాసి ఉంచుతున్నాను, వచ్చే ఏడాది బ్యాచ్‌కు పనికొస్తాయి. 958 మిల్లీగ్రాముల స్పాడ్‌న్స్‌ను 500 మి.లీ. స్వేదన జలంలో కరిగించాలి. 133 మిల్లీగ్రాముల జిర్కోనిల్ క్లోరైడు ఆక్టాహైడ్రేట్‌ను 25 మి.లీ. నీటిలో కరిగించి, 350 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చేర్చి, 500 మి.లీ.కి నింపాలి. ఈ రెండింటిని సమానంగా కలిపితే కారకం సిద్ధమవుతుంది. వెలుతురు తగలకుండా ఉంచితే ఏడాదికి పైగా నిలుస్తుంది. ఆమ్లం కొలిచే పనిని ఫ్యూమ్ కప్‌బోర్డులో మేమే చేశాము. ప్రమాణ ద్రావణానికి ఓవెన్‌లో ఆరబెట్టిన సోడియం ఫ్లోరైడును 221 మిల్లీగ్రాములు తూచి లీటరు చేశాము. అందులో లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉంటుంది. దాన్ని పదింతలు పలుచన చేసి, ఆ ద్రావణం 1 మి.లీ. నుంచి 7 మి.లీ. వరకు వేర్వేరు ఫ్లాస్కుల్లోకి తీసుకుని 50 మి.లీ.కి నింపితే లీటరుకు 0.2 నుంచి 1.4 మి.గ్రా. దాకా వరుస వస్తుంది. సోడియం ఫ్లోరైడు విషపదార్థం. సీసా తాళం వేసిన బీరువాలో ఉంటుంది, తూచిన ప్రతిసారీ రిజిస్టరులో సంతకం ఉంటుంది.

ఆగస్టు, మూడో వారం

నమూనాల సేకరణ అనుకున్నదానికన్నా పెద్ద పాఠమైంది. మొదట బస్సుల వేళలు చూసుకోవాల్సి వచ్చింది. దూరపు ఊళ్ల పిల్లలు పొద్దున మొదటి బస్సులోనే వస్తారు కనుక, బోరు మోటారు వేసే వేళను పంచాయతీలో కనుక్కుని, ముందు రోజు సాయంత్రమే నీళ్లు పట్టుకోవాలని నిర్ణయించుకున్నాము. ఫ్లోరైడుకు పాలిథీన్ సీసాలే వాడాలి. ఆ నీటితోనే సీసాను మూడుసార్లు కడిగి, మోటారు కొన్ని నిమిషాలు నడిచి పైపులో నిలిచిన నీళ్లు పోయాక, అంచుదాకా నింపి మూత బిగించాలి. ఊరి పేరు, బోరు ఉన్న చోటు, తెలిస్తే దాని లోతు, తేదీ, వేళ, పట్టినవారి పేరు సీసా మీద అక్కడికక్కడే రాయాలి. ఇంటికొచ్చి రాద్దామనుకుంటే చీటీలు తారుమారవుతాయని గట్టిగా చెప్పాము.

ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు వద్దని, బోరు దగ్గర నేరుగా పట్టినవే కావాలని అడగడానికి కారణం క్లోరిన్. క్లోరిన్ ఉంటే స్పాడ్‌న్స్ రంగును అదే పోగొడుతుంది, ఫ్లోరైడు లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. దాన్ని తొలగించడానికి పుస్తకంలో చెప్పిన సోడియం ఆర్సెనైటు తీవ్రమైన విషం. విద్యార్థుల చేతికి ఆర్సెనిక్ ఇవ్వడం కన్నా, క్లోరిన్ కలవకముందే నీళ్లు పట్టడం మేలని మేమిద్దరం అనుకున్నాము. ప్రయోగశాలలో ప్రమాదాన్ని జాగ్రత్తగా ఎదుర్కోవడం కన్నా, పద్ధతిని మార్చి ఆ ప్రమాదం రాకుండా చూడటమే మంచిదని ఈ అవకాశంలో పిల్లలకు చూపించగలిగాము.

నీళ్లు పట్టేటప్పుడు ఊళ్లో జనం పోగై ప్రశ్నలు వేశారట. ఎక్కువమంది అడిగింది కాచి చల్లార్చితే ఫ్లోరైడు పోతుందా అని. పోదు. నీరు ఆవిరై ఫ్లోరైడు అలాగే ఉండిపోవడం వల్ల మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. సూక్ష్మజీవుల విషయంలో మంచిదైన అలవాటు ఇక్కడ పనికిరాదు. ఈ ఒక్క సంగతిని ప్రతి విద్యార్థీ తన ఇంట్లో చెప్పి రావాలని కోరాను. వారికి ఇచ్చిన హోంవర్కుల్లో అన్నిటికన్నా శ్రద్ధగా చేసింది ఇదే.

సెప్టెంబరు, రెండో వారం

కొలతలు సాగుతున్నాయి. వారానికి ఒక బ్యాచ్‌కు దక్కేది మూడు గంటల ప్రాక్టికల్ సమయమే కనుక పనిని రెండుగా విడదీశాము. ఒక బల్ల మీద కాల్షియంను పట్టుకునే ఈడీటీఏ ద్రావణాన్ని బ్యూరెట్‌తో చుక్కచుక్కగా కలిపి కొలిచే అంశమాపనాలు, రెండో బల్ల మీద కలరీమెట్రీ నడుస్తాయి. కాల్షియంకు సోడియం హైడ్రాక్సైడుతో పీహెచ్ పెంచి మ్యూరెక్సైడు సూచిక వేస్తున్నాము. చర్య పూర్తయినట్టు తెలిపే అంత్యబిందువు దగ్గర గులాబీ ఊదాకు మారడాన్ని గుర్తించడం కొత్తవారికి కష్టమే. అందుకని ముందుగా అంత్యబిందువు దాటించిన ఒక ఫ్లాస్కును పోల్చి చూడటానికి తెల్ల టైలు మీద పక్కన ఉంచుతున్నాము. 0.01 మోలార్ ఈడీటీఏ ఒక మిల్లీలీటరుకు 0.4 మిల్లీగ్రాముల కాల్షియం సమానం.

కలరీమెట్రీలో 50 మి.లీ. నమూనాకు 10 మి.లీ. కారకం కలిపి, 570 నానోమీటర్ల ఫిల్టరుతో చూస్తున్నాము. స్పాడ్‌న్స్ ద్రావణం 10 మి.లీ.ని 100 మి.లీ. స్వేదన జలానికి చేర్చి, దానికి 7 మి.లీ. గాఢ ఆమ్లాన్ని 10 మి.లీ.కి పలుచన చేసి కలిపిన రిఫరెన్స్ ద్రావణంతో పరికరాన్ని సున్నాకు తెస్తున్నాము. ప్రమాణ ద్రావణాలూ నమూనాలూ ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. మా ప్రయోగశాల పడమటి వైపు ఉండటంతో మధ్యాహ్నం బాగా వేడెక్కుతుంది. అందుకని కలరీమెట్రీ బ్యాచ్‌ను పొద్దున గంటలకు మార్చాలని అడిగితే, భౌతికశాస్త్ర విభాగం తమ ప్రాక్టికల్‌ను మధ్యాహ్నానికి జరుపుకుని మాకు సహకరించింది. చిన్న కళాశాలలో విభాగాల మధ్య ఇంతటి స్నేహం ఉండటం మా అదృష్టం. టైంటేబుల్ మార్పు కాగితం మీద కాకుండా స్టాఫ్ రూంలో టీ తాగుతూనే జరిగిపోయింది.

చాలా నమూనాలు 1.4 దాటి, గ్రాఫు పరిధి బయటికి పోయాయి. గీతను పొడిగించి చదవకూడదని, నమూనాను స్వేదన జలంతో రెండింతలు గానీ నాలుగింతలు గానీ పలుచన చేసి, మళ్లీ కొలిచి, వచ్చిన అంకెను హెచ్చించాలని నేర్పాము. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే ఆధారం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉంది. తమ ఊరి అంకె ఆ గీతకు పైన పడినప్పుడు పిల్లల ముఖాలు మారిపోవడం చూసి నాకూ బాధ కలిగింది. ఒక అబ్బాయి తన నమూనాను ఎవరూ చెప్పకుండానే మళ్లీ మొదటి నుంచి చేశాడు. రెండోసారి కూడా దాదాపు అదే అంకె వచ్చింది.

అక్టోబరు, మొదటి వారం

ఫలితాలన్నీ బోర్డు మీద పట్టికగా రాసి, అందులో ఏం కనిపిస్తోందో చెప్పమన్నాము. కొంతసేపు ఊరి పేర్ల మీదే చర్చ నడిచింది. తర్వాత వెనక బెంచీ నుంచి ఒక విద్యార్థిని, ఫ్లోరైడు బాగా ఎక్కువున్న వరుసల్లో కాల్షియం తక్కువగా ఉందని గమనించింది. నేను ఈ ఏడాది విన్న మాటల్లో నాకు అత్యంత ఆనందం కలిగించినది ఇదే. ఆ తర్వాతి గంటలో నేను చెప్పాల్సిన పాఠాన్ని పక్కన పెట్టి, ఒక లవణం అయాన్లు నీటిలో ఎంతవరకు కరిగి ఉండగలవో చెప్పే ద్రావణీయతా లబ్ధం దగ్గరికి వెళ్లాము.

కాల్షియం ఫ్లోరైడు ద్రావణీయతా లబ్ధం సుమారు 3.9×10⁻¹¹. నీటిలో కాల్షియం లీటరుకు 40 మిల్లీగ్రాములు, అంటే 0.001 మోల్ ఉంటే, ఫ్లోరైడు అయాన్ గాఢత వర్గం 3.9×10⁻⁸ దాటకూడదు. వర్గమూలం తీసి 19తో గుణిస్తే లీటరుకు దాదాపు 3.75 మిల్లీగ్రాములు వస్తుంది. అదే కాల్షియం 100 మిల్లీగ్రాములుంటే హద్దు 2.4కి దిగుతుంది. మా ప్రాంతపు గట్టి రాళ్లలో, గ్రానైటు నైస్‌లలో ఫ్లోరైటు, ఎపటైటు, బయొటైటు వంటి ఖనిజాలున్నాయి. నీరు వాటి మధ్య ఏళ్ల తరబడి నిలిచి ఫ్లోరైడును కరిగించుకుంటుంది. సోడియం, బైకార్బొనేటు ఎక్కువగా ఉన్న నీటిలో కాల్షియం కార్బొనేటుగా విడిపోయి తగ్గిపోవడంతో, ఫ్లోరైడును పట్టి ఆపే కాల్షియం మిగలదు. క్షారత అంకెలు కూడా అదే చెబుతున్నాయి. ఇంటర్మీడియట్ నుంచి మార్కుల కోసం చదివిన ద్రావణీయతా లబ్ధం తమ ఇంటి బిందెలో పనిచేస్తోందని పిల్లలు స్వయంగా లెక్క వేసి తెలుసుకున్నారు. ఈ లెక్కలో అయాన్ల క్రియాశీలతను (ఇతర అయాన్ల మధ్య అవి నిజంగా పనిచేసే గాఢతను) పట్టించుకోలేదని, అందువల్ల వచ్చిన హద్దులు స్థూలమైనవేనని మేడంగారు గుర్తుచేసి, నివేదికలో ఆ మాట తప్పకుండా రాయమన్నారు.

నవంబరు, రెండో వారం

పటికతో ఫ్లోరైడు తగ్గించే ప్రయోగం మొదలైంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన ఈ పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. నీటికి సున్నం, పటిక, అవసరమైతే బ్లీచింగ్ పౌడరు కలిపి, ముందు వేగంగా, తర్వాత మెల్లగా తిప్పి, గంటల పాటు కదలనివ్వకుండా ఉంచితే, అల్యూమినియం హైడ్రాక్సైడు కుచ్చులుగా ఏర్పడి ఫ్లోరైడును పట్టుకుని అడుక్కు దిగుతుంది. మాకు యాంత్రిక స్టిరర్లు లేనందున పిల్లలు వరుసగా బీకర్ల దగ్గర కూర్చుని గాజుకడ్డీలతో గడియారం చూస్తూ తిప్పారు. కుచ్చులు కట్టడం మొదలైనప్పుడు బీకర్లో విరిగిన పాలలాగా కనిపించింది.

తేరిన నీటిని వడకట్టి కొలిస్తే ఫ్లోరైడు ఆశించినదానికన్నా బాగా తగ్గిపోయింది. అందరూ సంతోషపడ్డారు. ఒక విద్యార్థి మాత్రం పుస్తకంలోని ఆటంకాల పట్టిక తెరిచి, పటికలో అల్యూమినియం ఉంటుంది కదా సార్, అది ఈ కొలతను చెడగొడుతుందని ఇక్కడ ఉంది అన్నాడు. అతను చెప్పింది నిజం. అల్యూమినియం లీటరుకు 0.1 మిల్లీగ్రాము మిగిలినా, అది ఫ్లోరైడును తనతో బంధించి జిర్కోనియం దాకా రానివ్వకపోవడంతో, ఫ్లోరైడు 0.1 మిల్లీగ్రాము తక్కువగా చదవబడుతుంది. అయితే కారకంలోని ఆమ్లం ఆ బంధాన్ని నెమ్మదిగా విప్పుతుంది. కారకం కలిపి రెండు గంటలు ఉంచితే అల్యూమినియం 3 మిల్లీగ్రాముల వరకు ఉన్నా ఇబ్బంది ఉండదు. వెంటనే అదే ట్యూబులను పక్కన పెట్టి, రెండు గంటల తర్వాత మళ్లీ చదివించాము. ఫ్లోరైడు కొంత పెరిగి కనిపించింది. అయినా శుద్ధిచేయని నీటికన్నా చాలా తక్కువే. నివేదికలో రెండు రీడింగులూ ఉంటాయి, లెక్కకు తీసుకునేది రెండోది. మంచి ఫలితం వచ్చిన రోజున పుస్తకం తెరిచి అనుమానించిన ఆ అబ్బాయి గురించి ప్రిన్సిపాల్‌గారికి ప్రత్యేకంగా చెప్పాను.

శుద్ధిచేసిన నీటిలో మిగిలే అల్యూమినియం, పెరిగే సల్ఫేటు గురించి కూడా చూడాల్సి ఉంది. సల్ఫేటు లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటితే కొలత దీనికి ఎదురువైపు తప్పుతుంది, ఫ్లోరైడు 0.1 ఎక్కువగా కనిపిస్తుంది. బేరియం క్లోరైడుతో సల్ఫేటు చూసే పనిని రెండో సంవత్సరం విద్యార్థులకు అప్పగించాము. సీనియర్ల పక్కన నిలబడి నేర్చుకోవడం వారికీ ఉత్సాహంగా ఉంది.

డిసెంబరు, మొదటి వారం

ఫలితాలను ఊళ్లలో ఎప్పుడు, ఎలా చెప్పాలన్న విషయం మీద విభాగంలో చాలాసేపు మాట్లాడుకున్నాము. వెంటనే చెప్పాలని పిల్లల పట్టుదల, అది సహజమే. కానీ ఒక విద్యార్థి కొలత ఆధారంగా ఒక బోరును చెడ్డదని ప్రకటిస్తే, ఆ ఊళ్లో దాని మీదే ఆధారపడిన కుటుంబాలు ఏం చేయాలి? అంకె తప్పైతే అనవసర భయం, ఒప్పైనా ప్రత్యామ్నాయం చూపకుండా వదిలేసిన భయం. అందుకని మూడు పనులు నిర్ణయించుకున్నాము. 1.5 దాటిన ప్రతి నమూనాను మరొక విద్యార్థి పేరు చూడకుండా మళ్లీ కొలవాలి. వాటిలో కొన్నిటిని అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ (ఫ్లోరైడు అయాన్‌ను నేరుగా కొలిచే పరికరం) ఉన్న ప్రయోగశాలకు పంపి, మా అంకెలతో పోల్చాలి. అవి సరిపోయాక, పంచాయతీ కార్యదర్శికి కాగితం మీద ఇచ్చి, అదే ఊళ్లో ఫ్లోరైడు తక్కువున్న బోరు ఏదైనా మా పట్టికలో ఉంటే దాన్ని కూడా పేర్కొనాలి. ఒకే ఊళ్లో రెండు బోర్ల మధ్య ఇంత తేడా ఉంటుందని పట్టిక చూసేదాకా మేమూ ఊహించలేదు. తాగడానికి, వంటకు ఒక బోరు, మిగతా వాడకానికి మరొకటి అని చెప్పగలిగితే అదే ఈ ఏడాది మేము చేయగలిగిన పెద్ద మేలు.

క్యాన్లలో నీళ్లు కొనుక్కునే ఇళ్లు ఎక్కువైన ఊళ్ల నుంచి ఆర్‌ఓ ప్లాంటు నీళ్లు కూడా తెచ్చారు. వాటిలో ఫ్లోరైడు తక్కువే ఉంది. అయితే ప్లాంటు వదిలేసే నీటిలో అది చేరి పెరుగుతుంది కదా, ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయని ఒక విద్యార్థిని అడిగింది. ఈ ప్రశ్నను వచ్చే సెమిస్టరు పనుల్లో మొదటి వరుసలో రాసుకున్నాము. పశువులు తాగే కుంటలోకి పోతున్నట్టు ఆమె తన ఊళ్లో చూసి వచ్చింది. ఆ కుంట నీళ్ల సీసా ఇప్పటికే షెల్ఫ్‌లో ఉంది.

సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడటంతో ప్రయోగశాలను విశ్వవిద్యాలయ ప్రాక్టికల్స్‌కు సిద్ధం చేయాలి. మిగిలిన కారకాన్ని ముదురు రంగు సీసాలోకి మార్చి తేదీ రాసి ఉంచాము. వాడేసిన ఆమ్ల వ్యర్థాన్ని సున్నంతో తటస్థం చేశాకే పారబోయాలని అటెండరుకు చెప్పబోతే, అతను అప్పటికే బకెట్లో సున్నం వేసి లిట్మస్ కాగితంతో చూస్తున్నాడు. ఈశాన్య రుతుపవనాల వానలు ఇంకి, నీటిమట్టం పెరిగాక ఈ అంకెలు ఎలా మారతాయో చూడటానికి, సంక్రాంతి సెలవుల నుంచి తిరిగి వచ్చేటప్పుడు అవే బోర్ల నుంచి, అదే పద్ధతిలో, మళ్లీ నమూనాలు తెమ్మని ప్రతి విద్యార్థికి కడిగి ఆరబెట్టిన సీసాలు, పేరు రాసిన చీటీలు ఇచ్చి పంపించాము.